ఈ యూజర్ ఎప్పుడు పుట్టాడు? ఏ డేటాబేస్‌లో ఏ దారి పట్టాలి

పలాస జీడిపప్పు యూనిట్లు, బొబ్బిలి చుట్టుపక్కల రైస్ మిల్లులు, విజయనగరం ప్రైవేటు ఆసుపత్రులు, శ్రీకాకుళం కాలేజీలు. ఎక్కడికి వెళ్లినా బిల్లింగ్ తెర వెనక ఒక డేటాబేస్ ఉంటుంది. దాన్ని పెట్టినవాళ్లు చాలాచోట్ల ఇప్పుడు ఉండరు. బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోయి ఉంటారు, ఫోన్ నంబరు కూడా మారిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి సరిపోయింది. 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి మాత్రం కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునీ తేదీతో సహా రాసిపెట్టే ఆడిట్ ట్రయిల్ ఉండి తీరాలి. ఆడిటర్లు తెర ముందే ఆగిపోకుండా వెనక ఉన్న డేటాబేస్ దాకా వస్తున్నారు. యూజర్ల జాబితా చూసి, "బాబూ, ఈ అడ్మిన్2 ఎవరిది? ఎప్పుడు పెట్టారు?" అని అడుగుతున్నారు.

దీనికి జవాబు ఒక్క క్వెరీతో వస్తుందా, రెండు రోజులు పాత బ్యాకప్‌లు తిరగెయ్యాలా అన్నది మీరు వాడే డేటాబేస్‌ని బట్టి ఉంటుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ తేదీని రాసుకుంటాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రాసుకోవు. మీకు ఆ తేదీ ఎందుకు కావాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పాత యూజర్లని తీసెయ్యడానికైతే ఉజ్జాయింపు చాలు. ఆడిటర్‌కి సంతకం పెట్టి ఇవ్వాలంటే చాలదు.

ఒరాకిల్: అడగ్గానే చెప్తుంది, కానీ ఏం చెప్తోందో చూడండి

ఒరాకిల్‌లో యూజర్, స్కీమా (టేబుళ్లన్నీ సర్ది ఉండే అర) రెండూ ఒకటే. యూజర్‌ని సృష్టిస్తే స్కీమా కూడా వచ్చినట్టే, కాబట్టి ఒక్క తేదీ చూస్తే రెండూ ఎప్పుడు పుట్టాయో తెలిసిపోతుంది. డీబీఏ యూజర్స్ అనే వ్యూలో (డేటాబేస్ తన వివరాలు తానే చూపించే పట్టికలో) క్రియేటెడ్ అనే కాలమ్ చూడండి. డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) హక్కులు లేకపోతే ఆల్ యూజర్స్ వ్యూ ఉంది, అందులోనూ ఇదే కాలమ్ ఉంటుంది. మామూలుగా చూస్తే తేదీ ఒక్కటే కనిపిస్తుంది, టైమ్ కనపడదు. లోపల టైమ్ సెకన్లతో సహా ఉంది. టు క్యార్ ఫంక్షన్‌తో గంటలు, నిమిషాలు అడిగితే ఇస్తుంది. ఆడిటర్‌కి ఇచ్చే కాగితంలో టైమ్ ఉండాల్సిందే.

ఒరాకిల్ తనతోనే తెచ్చుకునే సిస్ అనే యూజర్ వరస చూసి మాత్రం కంగారు పడకండి. 19సీ వెర్షన్‌ని రెడీమేడ్ టెంప్లేట్‌తో పెడితే సిస్ పుట్టిన తేదీ 2019 ఏప్రిల్ 17 అని కనిపిస్తుంది, మీ సర్వర్ కొన్నది నిరుడే అయినా సరే. అది ఒరాకిల్ వాళ్లు ఆ టెంప్లేట్ తయారు చేసిన రోజు. మీ డేటాబేస్ ఎప్పుడు మొదలైందో తెలియాలంటే వి డాలర్ డేటాబేస్ వ్యూలో ఉన్న క్రియేటెడ్ చూడాలి. ఆ తేదీ కంటే ముందు పుట్టినట్టు కనిపించే యూజర్లంతా సామాన్యంగా టెంప్లేట్‌తో వచ్చినవాళ్లే. వాళ్లని జాబితాలోంచి పక్కన పెట్టేస్తే చూడాల్సినవి బాగా తగ్గిపోతాయి.

అసలు చిక్కు సర్వర్ మారినప్పుడు వస్తుంది. పాత సర్వర్ నుంచి డేటా పంప్ అనే ఒరాకిల్ సాధనంతో ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేస్తే, అందులోని యూజర్లందరూ ఆ ఇంపోర్ట్ జరిగిన రోజే పుట్టినట్టు కనిపిస్తారు. రేషన్ కార్డులో పేరెక్కిన తేదీని పుట్టిన తేదీ అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పదిమంది యూజర్లకీ తేదీ ఒకటే, టైమ్ నిమిషం తేడాతో ఉంటే అది ఇంపోర్ట్ రోజని దాదాపు ఖాయం. అప్పుడు పాత సర్వర్ హార్డ్‌డిస్క్ ఇంకా స్టోర్‌రూమ్‌లో ఉందేమో వెతకడమే దారి.

ఇంకో చిన్న సంగతి పెద్దగా ఎవరూ వాడరు గానీ పనికొస్తుంది. సిస్ కింద యూజర్ డాలర్ అనే అసలు టేబుల్‌లో సీటైమ్, పీటైమ్ అని రెండు కాలమ్‌లు ఉంటాయి. మొదటిది యూజర్ పుట్టిన సమయం, రెండోది పాస్‌వర్డ్ చివరిసారి మారిన సమయం. రెండూ ఒకటే అయితే ఆ యూజర్ పాస్‌వర్డ్ పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా మారలేదని అర్థం. ఆడిటర్ అడిగిన ప్రశ్న ఇది కాకపోవచ్చు. అడగబోయే రెండో ప్రశ్న మాత్రం తప్పకుండా ఇదే. 12సీ నుంచి డీబీఏ యూజర్స్‌లో లాస్ట్ లాగిన్ కూడా వచ్చింది కాబట్టి మూడూ ఒకే పట్టికలో పెట్టి ఇచ్చెయ్యొచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్: మూడు గడపలు, రెండే తేదీలు

ఇక్కడ తికమక ఎక్కువ, ఎందుకంటే లాగిన్ వేరు, యూజర్ వేరు, స్కీమా వేరు. సర్వర్‌లోకి రానిచ్చేది లాగిన్. దాని తేదీ సిస్ డాట్ సర్వర్ ప్రిన్సిపల్స్‌లో క్రియేట్ డేట్ కింద ఉంటుంది. ఒక్కో డేటాబేస్‌లోకి రానిచ్చేది యూజర్. దాని తేదీ ఆ డేటాబేస్‌లోనే సిస్ డాట్ డేటాబేస్ ప్రిన్సిపల్స్‌లో ఉంటుంది. స్కీమా సంగతికొస్తే సిస్ డాట్ స్కీమాస్‌లో తేదీ కాలమ్ అనేదే లేదు.

ఈ తేడా ఎప్పుడు బయటపడుతుందంటే, శ్రీకాకుళం బ్రాంచి డేటాబేస్ బ్యాకప్ తెచ్చి విజయనగరం సర్వర్‌లో రిస్టోర్ చేసినప్పుడు. యూజర్ తేదీ డేటాబేస్ ఫైల్ లోపలే ఉంటుంది కాబట్టి పాతదే వస్తుంది, 2017 అయితే 2017 అనే చూపిస్తుంది. లాగిన్‌ని కొత్త సర్వర్‌లో మళ్లీ పెట్టాలి, దాని తేదీ కొత్తది. అంటే యూజర్ వయసు లాగిన్ వయసు కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ఒకటి ఈ మనిషికి ఆ డేటాలోకి ఎప్పటి నుంచి దారి ఉందో చెప్తుంది, రెండోది ఈ సర్వర్‌లోకి ఎప్పటి నుంచి ఉందో చెప్తుంది. ఆడిటర్‌కి రెండూ ఇవ్వండి, ఒకటే ఇస్తే రెండోదాని కోసం మళ్లీ ఫోన్ వస్తుంది.

డేటాబేస్ తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. సిస్ డాట్ డేటాబేసెస్‌లోని క్రియేట్ డేట్ పేరు మార్చినా మారిపోతుంది. తాత్కాలిక డేటా ఉంచే టెంప్ డీబీకైతే సర్వర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్త తేదీయే. దీన్నే వాడుకుని సర్వర్ చివరిసారి ఎప్పుడు లేచిందో చూసేవాళ్లు కూడా ఉన్నారు. ప్రతి డేటాబేస్‌లోనూ ముందే ఉండే డీబీఓ యూజర్ 2003 ఏప్రిల్ 8న పుట్టినట్టు కనిపిస్తే మీ సర్వర్‌లో ఎవరో చొరబడ్డారని కాదు. నిన్న సృష్టించిన డేటాబేస్‌లో కూడా అదే తేదీ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ తయారీలోంచి వచ్చింది.

స్కీమాకి తేదీ లేదు కదా అని చాలామంది అందులోని అన్నిటికంటే పాత టేబుల్ తేదీ తీసుకుంటారు. సామాన్యంగా ఆ తేదీ నాటికి స్కీమా ఉంది అని చెప్పడానికి సరిపోతుంది. కానీ ఎవరైనా వేరే స్కీమాలోంచి టేబుల్‌ని ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే, ఆ టేబుల్ తన పాత తేదీతోనే వస్తుంది. నిరుడు పెట్టిన స్కీమాలో 2015 నాటి టేబుల్ కనిపిస్తుంది. డీబీఓ స్కీమాలో ఉన్నవన్నీ విడదీసి వేరే స్కీమాల్లో సర్దడం మామూలు పనే, కాబట్టి ఈ ఉజ్జాయింపు వాడేముందు అలాంటి సర్దుబాటు జరిగిందా అని ఒకసారి కనుక్కోండి.

ఎవరు పెట్టారు అన్న ప్రశ్నకి పైవేవీ జవాబివ్వవు. సర్వర్ తనంతట తానే రాసుకునే డిఫాల్ట్ ట్రేస్ అనే చిట్టాని ఆపెయ్యకుండా ఉంటే అందులో లాగిన్, యూజర్ చేర్చినవాళ్ల పేరు దొరుకుతుంది. అయితే అది 20 ఎంబీ చొప్పున 5 ఫైళ్లు మాత్రమే ఉంచుతుంది, నిండగానే పాతది పోతుంది. రద్దీ ఉన్న సర్వర్‌లో కొద్దిరోజుల కంటే వెనక్కి వెళ్లలేరు. అనుమానం రాగానే ముందు ఆ ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి, విచారణ తర్వాత.

పోస్ట్‌గ్రెస్‌లో తేదీ లేదు, మరి?

లేదంటే నిజంగానే లేదు. ఇక్కడ యూజర్లని రోల్స్ అంటారు. వాళ్లుండే పీజీ రోల్స్‌లో వెతికినా, స్కీమాలుండే పీజీ నేమ్‌స్పేస్‌లో వెతికినా పుట్టిన తేదీ కాలమ్ కనపడదు. వెతికి వెతికి అలిసిపోయి హక్కులు చాలడం లేదేమో అనుకుంటారు. సూపర్‌యూజర్‌తో చూసినా ఇంతే. కాబట్టి పాత విషయానికి అడ్డదారులు, ఇకముందుకి సరైన ఏర్పాటు. రెండూ వేరు వేరుగా ఎంచుకోవాలి.

అడ్డదారుల్లో నా ఓటు పాత బ్యాకప్‌లకే. రోజూ రాత్రి డంప్ (బ్యాకప్ ఫైల్) తీసే అలవాటు ఉంటే, ఆ యూజర్ మొదటిసారి ఏ డంప్‌లో కనిపించాడో చూడండి. 14వ తేదీ డంప్‌లో లేడు, 15వ తేదీ దాంట్లో ఉన్నాడు అంటే మధ్యలో పుట్టినట్టు. ఏడాది డంప్‌లు ఉంటే వరసగా అన్నీ తెరవక్కర్లేదు. నడిమిది తెరిచి, ఉన్నాడా లేడా చూసి, అటో ఇటో సగం వదిలేసుకుంటూ పోతే తొమ్మిది ఫైళ్లలో తేలిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పీజీ డంప్ అనే కమాండ్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది, స్కీమాలు వస్తాయి గానీ రోల్స్ రావు. రోల్స్ కావాలంటే పీజీ డంప్ ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ అనే ఆప్షన్‌తో నడపాలి. చాలాచోట్ల దీన్ని నడపరు, అవసరం వచ్చినప్పుడు తెలుస్తుంది. రోజూ వేళకి పనులు నడిపే క్రాన్‌లో ఇవాళే ఆ ఒక్క లైన్ చేర్చుకోండి. ఫైల్ సైజు కొద్ది కేబీలే.

రెండో దారి ఓఐడీ అనే నంబరు. కొత్తగా పుట్టే వస్తువులకి 16384 నుంచి మొదలుపెట్టి పెరుగుతూ పోయే నంబర్లు పడతాయి. దానికంటే చిన్న నంబరు ఉంటే అది ఇన్‌స్టాలేషన్‌తోనే వచ్చింది. మీ అనుమానపు యూజర్ నంబరు, ఫలానా ఏడాది లెక్కల టేబుల్ నంబరు పక్కపక్కన పెట్టి చూస్తే ముందు పుట్టాడా తర్వాతా అన్నది తెలుస్తుంది. తేదీ రాదు, వరస వస్తుంది. డంప్ నుంచి మొత్తం రిస్టోర్ చేసిన సర్వర్ అయితే ఆ వరస కూడా రిస్టోర్ జరిగిన వరసే, వదిలెయ్యండి.

మూడోది ట్రాక్ కమిట్ టైమ్‌స్టాంప్ అనే సెట్టింగ్. 9.5 వెర్షన్ నుంచి ఉంది, మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేస్తే రీస్టార్ట్ కావాలి. ఆన్‌లో ఉంటే, టేబుల్‌లో ఆ యూజర్ ఉన్న అడ్డవరసలోని ఎక్స్‌మిన్ అనే లావాదేవీ నంబరుతో ఆ వరస ఎప్పుడు కమిట్ అయిందో (ఖాయంగా రాసుకుందో) అడగొచ్చు. చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ ఇది పుట్టిన తేదీ కాదు, ఆ వరస చివరిసారి మారిన తేదీ. స్కీమా మీద ఎవరికైనా ఒక గ్రాంట్ (హక్కు) ఇచ్చారనుకోండి, వరస మారుతుంది, తేదీ మారుతుంది. యూజర్ పాస్‌వర్డ్ మార్చినా అంతే. పైగా చాలా పాత లావాదేవీల సమయాలు చెరిగిపోతాయి. దీన్నొక్కదాన్నే నమ్మి కాగితం మీద పెట్టడం నాకు ఇష్టం ఉండదు. డేటాబేస్ ఫోల్డర్‌లో ఉండే పీజీ వెర్షన్ ఫైల్ తేదీ చూసే పద్ధతి కూడా ఉంది. అది డేటాబేస్‌కి మాత్రమే పనికొస్తుంది, యూజర్‌కీ స్కీమాకీ కాదు.

మైఎస్‌క్యూఎల్: తేదీ లేకపోయినా ఆనవాళ్లు ఎక్కువ

ఇక్కడ స్కీమా అన్నా డేటాబేస్ అన్నా ఒకటే. స్కీమాటా వ్యూలో తేదీ లేదు. ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ వ్యూలో క్రియేట్ టైమ్ ఉంటుంది, ఆ స్కీమా టేబుళ్లలో అన్నిటికంటే పాతది తీసుకోవచ్చు. కానీ ఆల్టర్ టేబుల్‌తో టేబుల్‌ని లోపల మళ్లీ కట్టినప్పుడు ఈ తేదీ కొత్తదైపోతుంది. డంప్ నుంచి రిస్టోర్ చేసినా కొత్తదే. అంటే "ఈ తేదీ నాటికి ఉంది" అనడానికే తప్ప "ఈ తేదీన పుట్టింది" అనడానికి కాదు.

యూజర్‌కైతే మైఎస్‌క్యూఎల్ డాట్ యూజర్ టేబుల్‌లో పాస్‌వర్డ్ లాస్ట్ చేంజ్డ్ అనే కాలమ్ ఉంది. పాస్‌వర్డ్ ఎప్పుడూ మార్చకపోతే అదే పుట్టిన తేదీ. మన వైపు చిన్న సంస్థల్లో పాస్‌వర్డ్ మార్చే అలవాటు ఎంతో మనకి తెలిసిందే కాబట్టి, ఈ విషయంలో ఆ బద్ధకం కలిసొస్తుంది. కచ్చితమైన ఆధారం కావాలంటే, ప్రతి మార్పునీ రాసుకునే బైనరీ లాగ్. క్రియేట్ యూజర్ కమాండ్ టైమ్‌తో సహా అందులో ఉంటుంది, పాస్‌వర్డ్ హాష్‌గా (గుర్తుపట్టలేని సంకేతంగా) మారి ఉంటుంది కాబట్టి లాగ్‌లో నేరుగా కనపడదు. 8.0లో ఈ లాగ్ నిలవ ఉండేది మామూలుగా 30 రోజులే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది. 30కీ 180కీ మధ్య ఉన్న దూరాన్ని మీరే పూడ్చాలి. సెట్టింగ్ పెంచితే డిస్క్ నిండుతుంది, కాబట్టి పాత లాగ్ ఫైళ్లని వేరే డిస్క్‌కి పంపడం చవక.

ఇకముందుకి ఏది పెట్టుకోవాలి

పోస్ట్‌గ్రెస్ వాళ్లకి అందరూ మొదట చెప్పేది ఈవెంట్ ట్రిగర్. వస్తువుల్ని సృష్టించే, మార్చే కమాండ్లని డీడీఎల్ అంటారు. డీడీఎల్ కమాండ్ ఎండ్ దగ్గర దానంతటదే నడిచే ఒక ట్రిగర్ పెట్టి, ఎవరు ఏం సృష్టించారో ఒక టేబుల్‌లో రాసుకోవడం. స్కీమాకి ఇది బంగారం. యూజర్‌కి మాత్రం పనికిరాదు, ఎందుకంటే రోల్స్, డేటాబేస్‌లు, టేబుల్‌స్పేస్‌లు క్లస్టర్ అంతటికీ (ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నిటికీ) ఉమ్మడివి, వాటికి ఈవెంట్ ట్రిగర్లు కదలవు. ఇది తెలియక ట్రిగర్ పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్ల దగ్గర స్కీమాల చరిత్రంతా ఉంటుంది, యూజర్ల చరిత్ర ఒక్క లైన్ ఉండదు.

యూజర్ల కోసం లాగ్ స్టేట్‌మెంట్ సెట్టింగ్‌ని డీడీఎల్ అని పెట్టండి. మామూలుగా అది నన్ అని ఉంటుంది, అంటే ఏమీ రాయదు. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. అయితే క్రియేట్ రోల్ కమాండ్‌లో పాస్‌వర్డ్ నేరుగా టైప్ చేస్తే అది కూడా ఉన్నదున్నట్టు లాగ్‌లోకి వెళ్తుంది. రోల్‌ని పాస్‌వర్డ్ లేకుండా సృష్టించి, తర్వాత పోస్ట్‌గ్రెస్ కమాండ్ తెర పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్ వాడితే హాష్ మాత్రమే వెళ్తుంది. పీజీ ఆడిట్ ఎక్స్‌టెన్షన్ ఇంకా శుభ్రంగా రాస్తుంది, రోల్ అనే వర్గం ఒక్కటి ఆన్ చేస్తే చాలు. రెండు మూడు బ్రాంచిలున్న ఆసుపత్రికి నేనైతే పీజీ ఆడిట్ పెట్టమంటాను. ఒకే ఒక సర్వర్ ఉన్న మిల్లుకి అక్కర్లేదు, డీడీఎల్ లాగ్ సరిపోతుంది.

లాగ్ ఎంత బాగున్నా ఎందుకు పెట్టారో చెప్పదు. దానికి కామెంట్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో రోల్ మీదా స్కీమా మీదా కామెంట్ రాయొచ్చు, గ్లోబల్స్ డంప్‌తో రోల్ కామెంట్ కూడా కొత్త సర్వర్‌కి వెళ్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0.21 నుంచి క్రియేట్ యూజర్‌తోనే కామెంట్ పెట్టొచ్చు. తేదీ, ఎవరు అడిగారు, ఏ పనికి, ఎప్పటి దాకా అని ఒక లైన్. దాన్ని హక్కులున్నవాళ్లు ఎవరైనా చెరిపి మార్చగలరు కాబట్టి సాక్ష్యంగా బలం తక్కువ. సర్వర్ మారినా ఇందులో రాసిన తేదీ మాత్రం మారకుండా వెంట వస్తుంది. అందుకే నా లెక్కలో లాగ్, కామెంట్ రెండూ కావాలి, ఒకటి పెట్టి రెండోది వదిలెయ్యడం కాదు. ఆఫీసులో చేతిరాత రిజిస్టర్‌లో మేనేజర్ గారి సంతకంతో రాసుకునే పద్ధతిని కూడా తీసిపారెయ్యొద్దు, ఆడిటర్లు దాన్ని సంతోషంగా చూస్తారు.

టైమ్ దగ్గర ఒక మాట

విజయనగరంలో ఒక సంస్థ క్లౌడ్ సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ నడుపుతోంది అనుకుందాం. ఒక యూజర్ తేదీ 2025 అక్టోబర్ 7, టైమ్ 03:45 అని వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 7 అంటే ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందు రాత్రి తొలేళ్ల జాతర. ఊరంతా పైడితల్లి గుడి చుట్టూ ఉన్న వేళ, ఆఫీసుకి తాళం వేసి ఉన్న వేళ, తెల్లవారుజామున మూడూ ముప్పావుకి యూజర్ ఎవరు పెట్టారు? అనుమానం రాక తప్పదు. సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంది. అయిదున్నర గంటలు కలిపితే పొద్దున్న తొమ్మిదింపావు. పండగ రద్దీకి ముందు గంటసేపు ఆఫీసు తెరిచి బిల్లులు కొట్టించిన సమయం.

ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండూ సర్వర్ గడియారం చూసి టైమ్ రాసుకుంటాయి, అది ఏ టైమ్‌జోనో పక్కన రాయవు. పోస్ట్‌గ్రెస్ లాగ్‌కి లాగ్ టైమ్‌జోన్ అనే సెట్టింగ్ వేరే ఉంది. తేదీ ఎవరికైనా చెప్పేముందు సర్వర్ ఇప్పుడు టైమ్ ఎంత చూపిస్తోందో అడిగి, చేతి గడియారంతో సరిచూసుకోండి. మధ్యలో ఎప్పుడో సర్వర్ టైమ్‌జోన్ మార్చి ఉంటే పాత తేదీలకి పాత లెక్కే వర్తిస్తుంది, అదీ కనుక్కోండి.

కాగితం మీద రాసేటప్పుడు, ఉజ్జాయింపు అయితే ఒక్క తేదీ వెయ్యకుండా రెండు తేదీలు వెయ్యండి. "అడ్మిన్2 అనే యూజర్ 2024 జూన్ 14 రాత్రి తీసిన బ్యాకప్‌లో లేరు, జూన్ 15 రాత్రి బ్యాకప్‌లో ఉన్నారు, భారత కాలమానం" అని రాస్తే ఎవరూ ఎదురు అడగలేరు. కింద ఏ సర్వర్‌లో, ఏ వ్యూలోంచి, ఏ రోజు చూశారో ఒక లైన్. తేదీ రాసుకునే డేటాబేస్ అయితే ఆ సర్వర్ ఎప్పుడు కొత్తగా పెట్టారో కూడా చేర్చండి, ఇంపోర్ట్ సంగతి ఆడిటర్‌కి అక్కడే అర్థమైపోతుంది.